నీడ చూసి ఆపిన బండి

మొన్న ఒక బోరు బండి మీద వచ్చిన కోపం నాకు ఇంకా దిగలేదు. బండి మీద కోపమేమిటని మా ఆవిడ అడుగుతోంది. బండి ఇనుము, దానికేం తెలుసు? దాన్ని తెచ్చి మా కాక పడుకున్న చోట నిలబెట్టిన వాళ్ళ మీద కోపం. తీరా ఆ కోపం ఎక్కడిదని ఆలోచిస్తే, అది అటూ ఇటూ తిరిగి ఆఫ్రికాలో ఒక ఊరి బయట నా కాళ్ళ దగ్గరకే వచ్చి ఆగుతోంది. అందుకే రాస్తున్నాను.

కాక నాకు చుట్టమేమీ కాదు. మలావీ అనే దేశంలో మేమిద్దరం ఒకే బోరు బండి మీద నాలుగేళ్ళు పని చేశాం. ఆయన డ్రిల్లరు, నేను సూపర్‌వైజరును. ఆయనది చెన్నూరు దాటాక ప్రాణహిత వైపు ఒక ఊరు, నాది మంచిర్యాల. లారీ డ్రైవరు తప్ప బండి మీద ఉన్న ఆరుగురమూ మన వైపు వాళ్ళమే కాబట్టి అందరికీ ఆయన కాకే, బాబాయి వరస. పాస్‌పోర్టులో ఒక పేరు ఉండేది. అది ఇక్కడ రాయడం లేదు. రాయాలంటే ఆయన్ని అడగాలి. అడగకుండా ఏం చేసినా ఆయనకు గిట్టదు, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

ఆఫ్రికా పోయి వచ్చానని తెలిస్తే చాలు, అందరూ ఒకటే అడుగుతారు, సింహాన్ని చూశావా అని. నాలుగేళ్ళలో నేను ఒక్క సింహాన్ని చూడలేదు. మేకల్ని చూశాను, మక్కజొన్న చేలు చూశాను, పొద్దున్నే బకెట్లు నెత్తిన పెట్టుకుని వాగు గుంటకు నడిచే ఆడవాళ్ళని చూశాను. ఆ మాట చెబితే అడిగినవాడి మొహం వాడిపోతుంది. ఈ మధ్య ఫోన్లలో వీడియోలు కూడా మొదలయ్యాయి. మనవాళ్ళే సంచి తగిలించుకుని పోయి, ఆఫ్రికా పల్లె జీవితం చూపిస్తామని ఎవరింట్లోనో దూరి, ఆ ఇల్లాలి పొయ్యి మీది కుండ మూత తీసి కెమెరాకు చూపిస్తారు. పక్కన నిలబడ్డ ఆమె వైపు కూడా చూడరు. నాకు ఒళ్ళు మండిపోతుంది. కాక ఉండి ఉంటే ఆ ఫోను పొయ్యిలో పెట్టేవాడు.

మనిషి పొట్టి. నెత్తికి ఎర్ర తువ్వాల, చెవి వెనక బీడీ. జీవితమంతా కంప్రెషర్ పక్కన నిలబడి నిలబడి చెవులు పోయాయి, కాబట్టి ఆయన మాట్లాడటమంటే అరవడమే. మంచినీళ్ళు కావాలన్నా పోట్లాటకు వచ్చినట్టే ఉండేది. తనకు వినిపించకపోతే ఎదుటివాడే సరిగ్గా చెప్పలేదని కోప్పడేవాడు. బోరు లోపలి నుంచి గాలితో ఎగిరి వచ్చే రాతి పొడిని గుప్పిట పట్టి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఇంక ఎంత లోతు పోవాలో చెప్పేవాడు. ఆ పొడి ముక్కులోకి పోతోంది కాకా అంటే, పోనీ అనేవాడు. కంపెనీ మూతికి కట్టుకునే గుడ్డలు ఒకే ఒక్కసారి ఇచ్చింది. ఆ తర్వాత ఎవరి తువ్వాల వాళ్ళదే.

ఆయన నోట్లో ఎప్పుడూ ఉండే మాట ఒకటే. అడిగినవా? పళ్ళు తోముకోవడానికి ఎవరింటి ముందరి కొమ్మ విరిచినా అడిగినవా. కింద పడ్డ మామిడికాయ ఏరుకున్నా అడిగినవా. ఎవరి పిల్లనైనా ఎత్తుకుని ఫొటో తీసుకుంటే, ఆ ఫోను లాక్కుని, తల్లి ఎక్కడుందో వెతికించి, అడిగినవా. మొదట్లో మేమంతా ఆ మాటను ఆయన గొంతుతోనే అని నవ్వుకునేవాళ్ళం. నేను కూడా.

కొత్త ఊరికి పోతే కాక బండిని ఊరి బయటే ఆపించేవాడు. దిగి, తువ్వాల విప్పి భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఊరి పెద్ద ఇంటికి నడిచేవాడు. వాకిట్లో నేల మీద కూర్చునేవాడు. అక్కడ ఎవరింటికి పోయినా ముందు కూర్చోవాలి. తర్వాత రెండు అరచేతులు మెల్లగా తడుతూ, మీరెలా ఉన్నారు, ఇంట్లో ఎలా ఉన్నారు, రాత్రి బాగా నిద్ర పట్టిందా అని ఒకరినొకరు అడగాలి. పని మాట ఆఖర్న. ఇదంతా ఆయనకు ఎవరూ నేర్పలేదు. మా లారీ డ్రైవరు ఆ దేశం మనిషే, ఇంగ్లీషు వచ్చు, మాకు దుబాసీ కూడా అతనే. మొదటి ఊళ్ళో అతను చేసింది చూసి కాక పట్టేశాడు. వాళ్ళ భాషలో ఎలా ఉన్నారని అడగడానికి 'మూలీ బ్వాంజీ' అంటారు. కాక ఆ రెండు మాటలూ మన చెన్నూరు సంతలో ఎద్దును బేరం చేస్తున్నంత గట్టిగా అనేవాడు. వాకిలంతా నవ్వేది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయనకు మళ్ళీ కోపం వచ్చేది.

ఇలా ప్రతి ఊళ్ళో సగం పూట పోయేది. వారానికి ఇన్ని బోర్లు అని మేనేజరు పట్నంలో కూర్చుని నా ప్రాణం తీసేవాడు. ఆయన కూడా తెలుగువాడే. ఒకసారి నేను విసుక్కుని, కాకా, మనం నీళ్ళు ఇవ్వడానికి వచ్చాం, పెళ్ళిచూపులకు కాదు అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఓ సూపర్‌వైజరూ, నువ్వు ఎవలింటికన్న పోతె కడప కాడ పిలువకుండనే వంటింట్ల జొర్రుతవా? గీ ఊరు గీళ్ళ ఇల్లు గాదా?"

నేను లోపల, చదువు రాని మనిషి నాకు మర్యాదలు నేర్పుతున్నాడని అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అక్కడ తిండి మక్కపిండి ముద్ద. తెల్లగా, గట్టిగా, వేడివేడిగా పళ్ళెంలో పెడతారు. తినేముందు ఇంటి ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని మన చేతుల మీద నీళ్ళు పోస్తుంది. మొదటిసారి ఆ ముద్ద నోట్లో పెట్టుకుని కాక చాలాసేపు నమిలాడు. తర్వాత ఎవరో తన సొత్తు ఎత్తుకుపోయినట్టు మా అందరి వంక చూసి, ఇది మన గట్క కాదా అని అరిచాడు. గట్కే. మక్కలు పట్టించి వండుకునే మన గట్కే. ఇంత దూరం విమానంలో వచ్చి గట్క తింటున్నానని ఆయనకు ఒక గంట నవ్వు ఆగలేదు. దానిలోకి గుమ్మడాకును పల్లీపొడి వేసి వండుతారు. అది ఎలా వండాలో చేతి సైగలతో అడిగి మరీ తెలుసుకున్నాడు.

ఇంకో ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళు ఒకే రోట్లో వంతులవారీగా మక్కలు దంచుతుంటే చూస్తూ నిలబడ్డాడు. కాక వాళ్ళ అవ్వ జొన్నలు అలాగే దంచేదట. ఉండబట్టలేక, రోకలి ఒకసారి ఇస్తారా అని సైగ చేశాడు. ఇచ్చారు. నాలుగు పోట్లు వేసేసరికి చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ అయి వచ్చాయి. అక్కడ మగవాళ్ళు రోకలి పట్టరు. ఒకామె నవ్వి నవ్వి నేల మీద పడిపోయింది. కాకకు మొహం ఎర్రబడింది, రోకలి మాత్రం వదల్లేదు. ఆ రోలెడు పిండి దంచి ఇచ్చే వచ్చాడు.

మా వంటవాడు ఒకసారి అన్నం వడ్డిస్తూ అక్కడి మనుషుల రంగు మీద ఏదో కూశాడు. అందరం నవ్వాం. అదేమిటో గాని ఆ మాట మాత్రం కాకకు స్పష్టంగా వినిపించింది. లేచి వాడి ముంజేయి పట్టుకుని ఎండలోకి లాక్కుపోయాడు.

"సూస్కో నీ చెయ్యి. నువ్వేమన్న పాలల్ల పుట్టినవా?"

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. వాడి చేతి వంట ఒక వారం ముట్టలేదు. పక్క ఇళ్ళలో అడిగి ముద్ద తిన్నాడు.

ఆయనకు కోపం లేని వేళ ఒకటుండేది. నీళ్ళు పడ్డప్పుడు. బోరులోంచి బురద నీళ్ళు చెట్టంత ఎత్తుకు లేచేవి, ఊరు ఊరంతా ఆ వానలో తడుస్తూ ఎగిరేది. కాక ఆ నీటిని తాకేవాడు కాదు. నీళ్ళు తేరేదాకా ఆగి, ఆ ఊళ్ళో అందరికన్నా ముసలామె ఎవరో పిలిపించి, లోటాతో పట్టి రెండు చేతులా ఆమెకు ఇచ్చేవాడు. మన చేలల్లో బోరు వేసినప్పుడు కూడా ఇంటి పెద్దామెకే ఇచ్చేవాడట. ఆమె తాగాక దూరంగా పోయి, చెవి వెనక బీడీ తీసి వెలిగించేవాడు. ఆ బీడీ అయ్యేదాకా ఆయన మొహం చూడటానికి బాగుండేది.

ఇక నా సంగతికి వస్తాను.

అది అక్కడ ఎండలు మండే నెల. కాకకు మలేరియా వచ్చి పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. బండి నా చేతిలో ఉంది. కొత్త ఊరికి పోయాం. ఎక్కడ చూసినా కోసేసిన మక్క చేలు, ఎర్ర మట్టి, చెట్టనేదే లేదు. పొయ్యిల కోసం, బొగ్గుల కోసం ఆ ప్రాంతమంతా నరికేశారు. ఊరికి ఈవల మాత్రం ఒకచోట చిక్కటి తోపు. పెద్ద పెద్ద చెట్లు, కింద చల్లటి నీడ. మనవాళ్ళకు ఎండలో నీడ కనిపిస్తే ఇంకేం కావాలి? ఊరి పెద్ద దగ్గరకు రేపు పోదామన్నాను. డ్రైవరు ఏదో చెప్పబోయాడు, తర్వాత చెబుదువులే అన్నాను. బండి తోపులోకి పోనిచ్చాం. ఎండు కొమ్మలు విరిచి పొయ్యి వెలిగించాం. లుంగీలు కొమ్మల మీద ఆరేశాం. మట్టిలో ఒక ఇనుప లోటా, తెల్లటి పూత పూసింది, బోర్లించి ఉంటే వంటవాడు కడిగి దానితోనే బియ్యం కొలిచాడు. ఎవరో పారేశారనుకున్నాం.

రాత్రి తిని పడుకున్నాం. తెల్లారి లేచేసరికి తోపు అంచున మనుషులు నిలబడి ఉన్నారు. అరుపుల్లేవు, రాళ్ళు లేవు. ఆరేడుగురు మగవాళ్ళు, చేతుల్లో గడ్డపారలు. వాళ్ళ వెనక బకెట్లు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు. డ్రైవరు అప్పుడు చెప్పాడు. అది వాళ్ళ బొందలగడ్డ. చనిపోయిన వాళ్ళున్న చోట చెట్టు కొట్టకూడదని వాళ్ళ కట్టుబాటు, అందుకే అక్కడ మాత్రమే చెట్లు మిగిలాయి. గడ్డపారల వాళ్ళు ఊళ్ళో గోతులు తవ్వేవాళ్ళు, ఆ తోపు మీద మాట వాళ్ళదే. మా వంటవాడి చేతిలో ఉన్న లోటా ఊరి పెద్ద తల్లిది. ఆమెను పూడ్చి ఇంకా ఒక వాన కూడా పడలేదు.

మన ఊళ్ళల్లోనూ చనిపోయిన వాళ్ళ లోటా బొంద మీద పెడతాం. చిన్నప్పుడు మా నాయనమ్మకు పెట్టడం నేను చూశాను. అయినా నాకు తట్టలేదు. ఆఫ్రికాలో చనిపోయిన వాళ్ళకు కూడా ఒక లోటా ఉంటుందని నేను అనుకోలేదు. అంతే. దానికి ఇంకే పేరూ పెట్టలేను.

మేనేజరుకు ఫోను చేశాను. అక్కడ కూర్చుంటే రోజులు పోతాయి, వెంటనే సర్దుకుని పక్క ఊరికి కదలండి, కాగితంలో ఊరివాళ్ళు సహకరించలేదని రాసి పంపు అన్నాడు. బోరు పడకపోతే కారణం రాయడానికి మా కాగితంలో ఒక గడి ఉంటుంది. రాశాను. ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, సంతకం పెట్టి. పొద్దున్నే పట్నం పోయే వ్యానులో పంపించాను.

బండ్లు స్టార్టు చేస్తుండగా ఒక సైకిలు వచ్చింది. అక్కడ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కిరాయికి తిప్పుతారు. దాని మీంచి కాక దిగాడు. జ్వరానికి సగమైపోయాడు. తోపు చూశాడు, కొమ్మల మీద లుంగీలు చూశాడు, దూరంగా నిలబడ్డ మనుషుల్ని చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"అడిగినవా?"

"ఎవల్నడుగాలె కాకా? గోడ లేదు, బోర్డు లేదు."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నాలుగేళ్ళలో ఆ ఒక్కసారే ఆయన మెల్లగా మాట్లాడాడు.

"మీ ఊరి బొందలగడ్డకు బోర్డున్నదా బిడ్డా?"

లోటా ఎవరిదో డ్రైవరు చెబితే, దాన్ని తీసుకున్నాడు. బూడిద పెట్టి తోమి, కడిగి, తువ్వాలలో చుట్టాడు. చెప్పులు అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచాడు. నన్ను రమ్మన్నాడు, పోయాను. ఊరి పెద్ద వాకిట్లో, ఇంటికి దూరంగా, ఎండలో, లోటా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు తట్టలేదు, మూలీ బ్వాంజీ అనలేదు. తల వంచుకుని ఊరికే కూర్చున్నాడు. ఇంట్లోంచి ఎవరూ బయటకు రాలేదు. నేను ఒక అరగంట కూర్చున్నాను. తర్వాత జేబులో ఫోను మోగింది. లేచి పోయాను. బండ్లతో పాటు పక్క ఊరికి వెళ్ళిపోయాను. జ్వరం మనిషిని ఎండలో వదిలేసి పోయాను.

పొద్దు వంగేదాకా ఆయన అలాగే ఉన్నాడని డ్రైవరు తర్వాత చెప్పాడు. అప్పుడు గోతులు తవ్వే వాళ్ళలో పెద్దవాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడట. ఊరి పెద్ద భార్య నీళ్ళు తెచ్చి కాక చేతుల మీద పోసిందట. నీళ్ళు పోస్తే ఇంక ఆ సంగతి అయిపోయినట్టే. ముద్ద పెట్టారు. లోటాను వాళ్ళతో కలిసి పోయి ఆయనే మళ్ళీ బోర్లించి వచ్చాడు. మర్నాడు మా మకాంకు వచ్చి, బోరు చోటు వాళ్ళే చూపిస్తామన్నారు, బండి తిప్పు అన్నాడు. వస్తానని మాట ఇచ్చి వచ్చానన్నాడు.

కాగితం అప్పటికే పట్నం చేరింది. సహకరించని ఊరికి బండి రెండోసారి పోదు, అది రూలు. కాక మేనేజరుకు ఫోను చేయించి అరిచాడు, అవతల పెట్టేశారు. అప్పుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"ఇంకో కాయితం రాయి బిడ్డా. మేము అడుగలే, తప్పు మాదే. గీ రెండు మాటలు సాలు. నాకు రాసుడొస్తె నేనే రాద్దును."

నేను రాయలేదు. రాస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. నిజానికి పంపించేవాళ్ళో లేదో కూడా తెలియదు, భయం మాత్రం ఉంది. రేపు రాస్తాలే అన్నాను. ఎల్లుండి అన్నాను. ఆయన రోజూ అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు, నాతో మాట్లాడటమూ మానేశాడు. సూపర్‌వైజరూ అని పిలవాల్సి వస్తే డ్రైవరుతో చెప్పించేవాడు. ఆ ఊరి ఆడవాళ్ళు ఇవాళ పొద్దున కూడా బకెట్లు పట్టుకుని వాగు గుంటకే పోయి ఉంటారు. ఇంకో కంపెనీ ఎవరైనా పోయారో లేదో నేను కనుక్కోలేదు. కనుక్కునే మొహం లేదు.

తిరిగి వచ్చాక నేను మంచిర్యాలలో మోటార్లు బాగు చేసే షాపు పెట్టుకున్నాను. కాక ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడని తెలిసి పోయాను. లోపలంతా రాతి పొడే అని డాక్టరు చెప్పాడట. కంపెనీ వాళ్ళు ఫోను ఎత్తలేదట. నన్ను చూసి మొహం తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు. దగ్గర కూర్చోమని చేయి తట్టాడు. మూడు మాటలకు ఒకసారి ఆగుతూ, ఏదో మర్చిపోయిన పని గుర్తు చేస్తున్నట్టు అడిగాడు.

"రాసినవా?"

ఇంకా లేదు కాకా అన్నాను. అప్పటికి అది ఎవరికి రాయాలో కూడా లేదు, కంపెనీ పేరు మార్చుకుని ఇంకో దేశం పోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. నేను చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ అడిగాడు. ఏడాది కింద పోయాడు.

మొన్న ఏడాది మాసికానికి వాళ్ళ ఊరికి పోయాను. కాక భార్యను నేను చిన్నమ్మ అంటాను. పళ్ళెంలో ఆయనకు ఇష్టమైనవన్నీ సర్దింది. మక్క గట్క, బీడీ కట్ట, గుమ్మడాకు పల్లీపొడి వేసి వండిన కూర. ఆ కూర ఆ ఊళ్ళో ఇంకెవరికీ రాదు, ఆయన ఆఫ్రికా నుంచి తెచ్చిందదే. వాళ్ళల్లో పూడ్చడమే ఆచారం. చిన్నమ్మ పళ్ళెం పట్టుకుంది, నేను నీళ్ళ చెంబు పట్టుకున్నాను. మధ్యాహ్నం బొందలగడ్డకు నడిచాం.

వేపచెట్ల కింద బోరు బండి ఉంది. పక్కన కంప్రెషర్ లారీ. ఊరవతల ఎవరిదో ప్లాంటు వస్తోందట, దానికి నీళ్ళ కోసమట. పొయ్యి రగులుతోంది. కొమ్మ మీద ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది. లారీ ముందు చక్రం కాక బొందకు మూరెడు దూరంలో ఆగింది.

వాళ్ళ సూపర్‌వైజరు ఎదురొచ్చి నమస్తే సార్ అన్నాడు. మలావీలో నాకున్న వయసే. చేతిలో కాగితాల అట్ట, చెవి మీద పెన్ను.

"ఎవల్ని అడిగి దింపినవ్ బండి?" అన్నాను.

"ఎవల్నడుగాలె సార్? గోడ లేదు, బోర్డు లేదు. నీడున్నదని ఆపినం."

చెయ్యి లేచింది. కొట్టేవాణ్ణే. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది, అయితే ఆ చెంప ఎవరిదో అప్పటికే తెలిసిపోయింది. చెయ్యి దించాను. చిన్నమ్మ బొంద పక్కన పళ్ళెం దించి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఆ చక్రానికీ బొందకూ నడుమ నేల మీద కూర్చుంది.

చేలల్లోంచి నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు. అతనికి భయం వేసినట్టుంది. పక్కకు పోయి ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. అట్లనే సార్, ఊరోళ్ళు సహకరిస్తలేరని రాసి బండి తీస్త సార్ అనడం నాకు వినిపించింది. ఫోను జేబులో పెట్టుకుని, అట్టను లారీ మీద ఆనించి, పెన్ను తీశాడు.

నేను చెప్పులు విడిచి అతని దగ్గరకు పోయాను.

"ఆ కాయితం ఇటియ్యి బిడ్డా."

ఎవరో పెద్దమనిషిననుకుని ఇచ్చాడు. గడి చిన్నది. పెన్ను కూడా అడిగి తీసుకున్నాను. తర్వాత రాశాను. మేము అడగలేదు. తప్పు మాదే. కింద నా సంతకం పెట్టి, కాగితం అతనికి ఇచ్చేసి, వెళ్ళి చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె పళ్ళెంలోంచి బీడీ తీసి బొంద మీద పెట్టింది. అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ సంతకం గీడ చెల్లది సార్."

"నాకెర్కనే," అన్నాను.